గేటు దగ్గర మజ్జిగ

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మోతెలో కాలువ చివరి పొలాలకు నీళ్లందక వరి ఎండిపోతోంది. క్యాంపు ఆఫీసులో కుదురుగా కూర్చోలేక, పొద్దుటి నుంచి గేటు దాకా వెళ్లి వస్తున్నాను.

నువ్వు ఎమ్మెల్యేగా ఉన్నప్పుడు ఇదే గేటు ముందు మైకు పట్టుకుని నిన్ను తిట్టేవాణ్ని. "గొంతు పోతది తమ్మీ, జర మజ్జిగ తాగి తిట్టు" అంటూ కుండతో పంపేవాడివి. సాయంత్రానికి నీళ్లొచ్చేవి. నా వల్లే వచ్చాయని ఊరూరా చెప్పుకుని, చివరికి నిన్నే ఓడించాను.

నువ్వు పోయాక నీ వాళ్లందరికీ మా పార్టీ కండువాలు కప్పాను. నీ పీఏ కూడా ఇప్పుడు నా దగ్గరే ఉన్నాడు. ఇవాళ ఇంజనీరు "చూస్తాం సార్" అని ఫోన్ పెట్టేస్తే అతనే చెప్పాడు. "అప్పట్ల సారు ఇంజనీరుకు ఫోన్ జేసి, ఆ ఫోను కిటికీల పెట్టేటోడు. మీ లొల్లి ఇనవడంగనే ఇంజనీరు కదిలేటోడు."

మోతె నుంచి వచ్చిన రైతును ధర్నా చేయమని నేనే అడిగాను. "ఎవరు జేస్తరు సారూ? లొల్లి జేసెటోళ్లంత నీ ఎంబడే ఉన్నరు గద" అని వెళ్లిపోయాడు.

కుండ నిండా మజ్జిగ చేయించి గేటు దగ్గర పెట్టాను, అన్నా. తిట్టేవాడు ఒక్కడూ రాలేదు.