సగం గుచ్చిన బత్తాయి

అమీర్‌పేటలో సీతాబాయి గారి డాబా మీది గదిలో అద్దెకు ఉంటున్న, హనుమత్ప్రసాద్, కమలకుమారి దంపతుల కుమార్తె మంజూష అను నేను, ఇరవై ఆరేళ్ళ వయసులో, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివితో రాసుకున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిమితంగానే ఉంది. ఊపిరే మెట్ల మధ్యలో ఆగిపోయి, నేను పైకి చేరాక నింపాదిగా వస్తోంది.

ఎల్లుండి సోమాజిగూడ ఆసుపత్రిలో నా గుండెకు కొత్త కవాటం వేస్తారు. డాక్టరు గారు భయం లేదన్నారు. నాకు దిగులంతా క్రిస్మస్ కానుకల గురించే. మేము క్రైస్తవులం కాము. కానీ కాన్వెంటులో సిస్టర్ బెర్నడెట్ మాకు డిసెంబరు వస్తే ఆకులు ఎండబెట్టడం, దినుసులు దంచి పొట్లాలు కట్టడం నేర్పారు. కానుక ముందు ముక్కుకు తెలియాలి, తర్వాతే కంటికి అనేవారు. ఏటా చేస్తున్నాను. ఈ ఏడు సగంలో ఆగిపోయాయి. మత్తుమందు ఇచ్చేలోగా అవి ఎవరెవరివో తేల్చుకోవాలనిపించింది.

1. ఈ వీలునామా అమలు బాధ్యత నా గదిలో నాతో ఉంటున్న హైందవిది. రాస్తానంటే, "ఏంటే, ఇప్పుడే వీలునామా ఏంటి? నీ ఆస్తంతా కలిపి ఒక పోపుల డబ్బా!" అంది. నిజమే. అందుకని డబ్బాతోనే మొదలుపెడుతున్నాను.

2. పోపుల డబ్బా అమ్మకు చెందవలెను. ఆమె ఇచ్చినదే. రేపు ఏలూరు నుంచి బండిలో వస్తోంది. మెంతుల గిన్నెలో ఒక జాపత్రి ముక్క ఉంచాను. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే అమ్మ చీర కొంగుకు ఆ వాసన ఉండేది, ఎందుకో ఎప్పుడూ అడగలేదు. మూత తీసినప్పుడు ఆమెకే తెలుస్తుంది.

3. డాబా మీద పాత పెయింటు డబ్బాల్లో పెంచిన మరువం, దవనం, పుదీనా, నిమ్మగడ్డి హైందవికి చెందవలెను. రోజూ నీళ్ళు పోయాలి. మరువాన్ని ఎండలో కాక నీడలో ఎండబెట్టాలి, లేకపోతే రంగూ వాసనా రెండూ పోతాయి. సాయంత్రం కింద వీధిలో జావా, ఒరాకిల్ బోర్డుల లైట్లు వెలిగే వేళ, కోచింగు పిల్లలు సంచులు వేసుకుని గుంపులుగా వెళ్తుంటే, మరువం డబ్బా పక్కన కూర్చుని చూడాలి. అప్పుడు ఈ వీధి కూడా ఎక్కడో నీళ్ళ మీద తేలుతున్నట్టు ఉంటుంది. కోచింగు సెంటర్ల వాళ్ళు దారిలో చేతిలో పెట్టే పాంప్లెట్లు పారేయవద్దు. వెనకవైపు ఖాళీగా ఉంటాయి, పొట్లాలకు పనికొస్తాయి.

4. మా పిన్ని అరుణాదేవి గారికి ఏలకులు, శొంఠి కలిపిన టీ పొడి సీసా. పోయినేడు నేనిచ్చిన సీసాకే బంగారు రంగు రిబ్బను కట్టి, "బంజారాహిల్స్‌లో దొరికిందే, నీకు ఇలాంటివి ఇష్టం కదా" అని నా పుట్టినరోజుకు నాకే ఇచ్చారు. ఆ సీసానే, ఆ రిబ్బనుతో సహా, తిరిగి ఆమెకు చెందవలెను. ఈసారైనా తాగి చూడవలసిందిగా నా మనవి.

5. పంజాగుట్ట ఆఫీసులో నా పక్క సీటు తేజకు వాము మూట. ఏసీకి తుమ్ములు వస్తాయని పోయిన డిసెంబరులో ఒకటి కుట్టి ఇచ్చాను. "ఏంటండీ ఇది, మా అమ్మమ్మ పెట్టె వాసన వస్తోంది!" అని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చొక్కాలు మారాయి, మూట మారలేదు. అంతకు మించి ఈ పత్రంలో రాయదలచుకోలేదు.

6. ఇక బత్తాయి సంగతి. కమలాపండు తొక్క వదులు, లవంగం నిలవదు. బత్తాయి తొక్క బిగువు. దబ్బనంతో చిల్లు పొడిచి, ఒక్కో లవంగం గుచ్చి, పండు కనిపించకుండా నింపి, దాల్చినచెక్క పొడిలో దొర్లించి, రిబ్బనుతో తలుపుకు వేలాడదీస్తే గాలికి గట్టిపడి ఏళ్ళ తరబడి వాసన ఇస్తుంది. లవంగం పడని చోట మాత్రం వారం తిరక్కుండా బూజు పడుతుంది.

రెండేళ్ళ కిందట క్రిస్మస్ పొద్దున్నే అలాంటి పండును ఎర్ర రిబ్బనుతో సీతాబాయి గారి తలుపుకు కట్టాను. ఆమె తలుపు తీసి కేక పెట్టారు. "ఓ నర్సింహులు! ఎవడో చేతబడి జేసిండు! పండుకు మేకులు దిగ్గొట్టి ఎర్రతాడు గట్టిండు!" అని వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకునే నర్సింహులును పిలిచి, చీపురుకట్టతో దాన్ని నాలుగు బాటల కూడలి దాకా నెట్టించి, కాళ్ళు కడుక్కుని, బల్కంపేట ఎల్లమ్మ గుడికి వెళ్ళివచ్చారు. హైందవి వెళ్ళి అసలు సంగతి చెబితే, "పండుగకు కేకిస్తరు గానీ మేకుల పండిస్తరా?" అన్నారు. అప్పటి నుంచి మెట్ల మీద నేను ఎదురైతే ఆమె పక్కకు జరుగుతారు. నేను తల వంచుకుని వెళ్తాను. నల్లాలో నీళ్ళు వచ్చాయన్న కబురు కూడా నర్సింహులుతోనే పంపుతారు.

ఒక్కసారి వాసన చూడండి అని నోరు తెరిచి అడగలేకపోయాను. ఇక్కడ అడుగుతున్నాను. ఈ ఏడు ఆమె కోసం మొదలుపెట్టిన బత్తాయి సగమే అయింది. దబ్బనం నొక్కితే ఆయాసం వస్తోంది. ఆ పండు, లవంగాల సీసా, దబ్బనం సీతాబాయి గారికి చెందవలెను. నేను రాకపోతే మిగతా సగం ఆమె గుచ్చవలెను. మనసు ఒప్పకపోతే బూజు పట్టనివ్వవచ్చు, ఎవరూ ఆమెను తప్పు పట్టరాదు.

కొట్టివేతల వివరం: రెండవ సాక్షిగా సీతాబాయి గారి పేరు రాసి కొట్టివేయడమైనది. ఆమెను అడగడం హైందవి ఆలోచన; తనే వెళ్ళి ఆమెను మెట్ల దగ్గరికి పిలుచుకొచ్చింది. కింది వాటాలో ఉండే విశ్రాంత కోర్టు గుమాస్తా సూర్యనారాయణ గారు కాగితం చూసి, "పొందేవాళ్ళు సాక్షి సంతకం చేయకపోవడమే మేలమ్మా. సంతకమో, పండో, ఏదో ఒకటే" అన్నారు. "ఏం పండు?" అన్నారు సీతాబాయి గారు. ఆయన ఆరవ అంశం చదివి వినిపించారు. నేను గోడవైపు చూస్తూ నిలబడ్డాను. హైందవి పైనుంచి తెచ్చిన పండును ఆమె అందుకుని, దూరంగా పట్టుకుని, తర్వాత దగ్గరగా పట్టుకుని, చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. "గింత మంచి వాసననా నేను చీపురుతోని నూకిచ్చింది?" అన్నారు. ఆ వెంటనే, "సంతకం నాకొద్దు. పండు నాది. గా దబ్బనం ఎట్ల పట్టాలె, జర సూపెట్టు" అంటూ మెట్టు మీద కూర్చున్నారు.

ఇది రాస్తున్నంతసేపూ గుచ్చుతూనే ఉన్నారు. మధ్యలో తల ఎత్తకుండానే అన్నారు: "గుచ్చుడైతే గుచ్చుత బిడ్డా. తలుపుకు మాత్రం నేను కట్ట. ఎర్ర రిబ్బనంటే నాకింకా బుగులే. నువ్వే వచ్చి కట్టాలె."

కనుక ఆరవ అంశంలో "నేను రాకపోతే" అన్న మాటలు కూడా ఆమె ఎదుటే కొట్టివేశాను.

అమీర్‌పేట, 2005 డిసెంబరు 18, ఆదివారం సాయంత్రం.

(సంతకం) మంజూష

సాక్షులు:
1. సూర్యనారాయణ, విశ్రాంత కోర్టు గుమాస్తా, కింది వాటా.
2. నర్సింహులు, ఇస్త్రీ బండి. సాక్షి కనుక ఇందులో ఈయనకు ఏమీ రాయలేదు. టీ పొడి పొట్లం చేతికే ఇచ్చేశాను.