ఇల్లు అంటే ఇల్లే

వేలూరు

అమ్మా, నేను బాగుండాను. ఫోన్లో చెప్తే సగంలోనే ఏడుస్తావని కార్డు రాస్తా ఉండాను.

నిన్న మా క్యాజువాలిటీకి మతి చెదిరిన పెద్దామెను పళ్ళికొండ నుంచి తెచ్చినారు. ఆకలా, నొప్పా అని అరవంలో ఏమడిగినా "ఇల్లు, ఇల్లు" అని లేచిపోతా ఉండె. తోటి నర్సులు దాన్ని అరవం "ఇల్లె" అనుకొని, ఏమీ లేదంటా ఉందని రాసుకొని, చేతులు కట్టేదానికి గుడ్డ తెచ్చినారు. నేను పక్కన కూచోని "మీ ఇల్లు యాడమ్మా?" అన్నాను. "తెలుగొచ్చి కూడా ఇంతసేపూ నోట్లో ఏం పెట్టుకోనుంటివే?" అని తిట్టి, మంచమ్మీద కూచునింది.

నాయన దగ్గు తగ్గిందా? మన సుగంతి పిన్ని మతి చెదిరి అరిచినప్పుడు ఇంక గదికి బయట గొళ్ళెం పెట్టొద్దమ్మా. ఇన్నాళ్ళూ నేనూ పెట్టినాను. ఏమంటాదో పక్కన కూచోని విను. ఆదివారం గుడియాత్తం వచ్చి నేనూ కూచుంటాను. అందరికన్నా ముందు పిన్నిని అడిగినానని చెప్పు.

ఎవాంజలిన్