ఎర్త్ గుంటకు నీళ్లు

12 మే 2003, సోమవారం

స్విచ్‌బోర్డు ఇనుప పెట్టె ముట్టుకుంటే జిల్లుమంటోందని సుబ్బారావు పిలిస్తే ఇవాళ వాళ్లింటికి వెళ్లాను. ఎర్త్ తీగ ఎక్కడా తెగలేదు. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెడితే మాత్రం గుడ్డిగా వెలిగింది. పెరట్లో ఆ తీగ భూమిలోకి దిగే ఎర్త్ గుంట ఎండి నెర్రెలిచ్చి ఉంది.

"ఏరా, గుంటలో నీళ్లు పొయ్యట్లేదా?" అన్నాను.

"పొద్దున్నే బియ్యం కడిగిన నీళ్లు తను అక్కడే పోసేది. ఎందుకో ఎప్పుడూ అడగలా" అన్నాడు.

వైరింగ్ చేసినప్పుడు, ఆ గుంట తడారకుండా చూడమని వాడి భార్యకే చెప్పాను. మొన్న మాఘమాసంలో పోయింది చెల్లెమ్మ.

బిందెడు నీళ్లు పోశాక బల్బు నిండుగా వెలిగింది. వాడు మళ్లీ నింపుకొచ్చి పోశాడు, మళ్లీ వెళ్లాడు.