పసుపు పూసిన రాక్షసుడు

సఖినేటిపల్లి,
6-12-1998, ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి సత్యవేణికి,

నీ భర్త శివనాగరాజు దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, పాప, మా మేనత్త సూరమ్మ గారు, వెళ్లే ముందు నువ్వు నాటిన కరివేపాకు మొక్క, అందరం క్షేమం. కువైట్‌లో నువ్వు కూడా వేళకు తిని వేళకు పడుకుంటూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. నీ ఉత్తరం గురువారం అందింది. పోస్ట్‌మాన్ గారు వీధిలోంచే "కువైట్ నుంచండీ" అని కేకేశారు. దుర్గాశ్రీ నాకంటే ముందు పరుగెత్తి, కవరు అందుకుని, వాసన చూసి, ఆ తర్వాత నాకిచ్చింది. రెండో తరగతిలో ఉన్నా, చదవడం వచ్చినా, నీ ఉత్తరాన్ని ముందు వాసన చూడాల్సిందే.

నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. మూడింటికి వరసగా జవాబు రాస్తాను. నాలుగోదానికి చివర్లో రాస్తాను. చివరి పేజీ ముందు చదివే అలవాటు నీకుంది, ఈసారికి మానుకో.

నా కాలు ఎలా ఉందని కదా మొదట అడిగావు. అతికింది. శ్రావణంలో కొబ్బరిచెట్టు మీంచి పడ్డప్పుడు విరిగిన చోట చిన్న బుడిపె మిగిలింది. మంచు పడే పొద్దుల్లో కాస్త సలుపుతుంది. నడకలో తేడా లేదు, సైకిలు తొక్కుతున్నాను. నువ్వు పంపిన నొప్పుల మందు సగం నా కాలికి, సగం అత్తయ్య మోకాళ్లకి అయిపోయింది. మంచం మీదున్న నలభై రోజులూ ఆవిడే నన్ను లేపి కూర్చోబెట్టింది. డెబ్బై ఏళ్ల మనిషికి నా అంత వాణ్ణి లేపడం మాటలు కాదు. ఒక్కనాడు విసుక్కుంటే ఒట్టు. "నీ చిన్నప్పుడు నిన్నెత్తుకోలేదేంట్రా, ఇప్పుడు కాస్త బరువెక్కేవు అంతేగా" అనేది. ఆవిడ పక్కింట్లో ఉండటం మన పూర్వజన్మ పుణ్యం.

రెండోది, పాప. సాయంత్రం దీపం పెట్టే వేళకి వీధి గుమ్మంలో నిలబడి ఏడుస్తోందా అని అడిగావు. ఇప్పుడు ఏడవడం లేదు. ఎందుకు మానిందో చెప్పాలంటే నీ మూడో ప్రశ్నలోకి వెళ్లాలి.

"బావగారు గడ్డం పెరిగిన పసివాడిలా మట్టి పిసుక్కుంటూ కూర్చున్నారు, రాక్షసుల్ని చేస్తున్నారు, ఊళ్లో నవ్వుతున్నారు" అని మీ తమ్ముడు దొరబాబు నీకు రాశాడన్నావు. వాడు రాసినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. మట్టి పిసుకుతున్నాను, రాక్షసుల్నే చేస్తున్నాను, ఊళ్లో నవ్వుతున్నారు. ఒక్కటే రాయలేదు వాడు. తనకోసం కూడా ఒకణ్ణి చేయించుకుని సైకిలు హ్యాండిల్‌కి కట్టుకున్నాడు.

మొదలైంది ఇలాగ. నేను పడ్డ రోజు నుంచీ పెరటి కొబ్బరితోటలో రాక్షసుడున్నాడనీ, నాన్నని చెట్టు మీంచి తోసింది వాడేననీ పాప అనుకుంది. చీకటి పడితే పెరటి తలుపు వైపు చూసేది కాదు. వీధి గుమ్మంలో నిలబడి ఏడ్చింది ముందు నీ కోసం, తర్వాత వాడి భయంతో. ఒకరోజు పొయ్యి మెత్తుదామని అత్తయ్య కాలవగట్టు బంకమట్టి తెచ్చింది. మంచం మీద ఊరికే పడి ఉన్నాను కదా, ఒక ముద్ద తీసుకుని "ఎలా ఉంటాడమ్మా నీ రాక్షసుడు?" అని అడిగాను. "చేతులు చాలా పొడుగండి నాన్నా. పళ్లు తెల్లగా ఉంటాయండి" అంది. చేతులు పొడుగ్గా చేశాను. పళ్లకి బియ్యం గింజలు, కళ్లకి గురివింద గింజలు గుచ్చాను. అయ్యేసరికి వాడు పిడికెడున్నాడు. పాప చాలాసేపు చూసి, "ఇంతేనా?" అంది. ఆ రాత్రి వాడి ముందు ఒక మెతుకు పెట్టి తినమని బెదిరించింది. మర్నాటి నుంచి పెరటి తలుపు అదే వేస్తోంది.

అక్కడితో ఆపుదామనుకున్నాను గానీ చేతులు ఊరుకోలేదు. ఇరవై ఏళ్లు తాడూ కత్తీ పట్టిన వేళ్లకి మట్టి ఇంత మెత్తగా లొంగుతుందని నాకేం తెలుసు? మట్టిలో కొబ్బరిపీచు పొట్టు కలిపితే బీట తియ్యదని రెండు నెలల్లో నేర్చుకున్నాను. నీడలో ఆరాలి, ఎండలో పెడితే పొట్ట పగులుతుంది. ఇప్పుడు పదకొండు మంది ఉన్నారు. పేర్లు పాపే పెట్టింది. బొర్రయ్య గారు, కొమ్ముల కోటయ్య గారు, చీమిడి సుబ్బమ్మ గారు. మొదట చేసినవాడు చెట్టుదొర గారు. మనూరి పిల్ల కదా, రాక్షసుణ్ణయినా గారూ అనకుండా పిలవదు.

నువ్వు పంపిన బిస్కెట్ల డబ్బాలో పాతగుడ్డ పరిచి వాళ్లని ప్రయాణాలకి కూడా తీసుకొస్తోంది. ఈ చలికాలం తెగ తిరుగుతున్నాం సత్యవేణీ. ఆదివారం పొద్దున్నే పంటు ఎక్కి గోదావరి దాటి నర్సాపురం వెళ్తాం, అక్కడ టీ తాగి మళ్లీ పంటు మీదే వచ్చేస్తాం. పనేమీ ఉండదు. మంచులో అవతలి గట్టు కనబడదు, నీళ్ల మీద ఇంజను చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది. పాప డబ్బా మూత తీసి "చూడండి, మీకోసమే తీసుకొచ్చేను" అని వాళ్లకి గోదావరి చూపిస్తుంది. సైకిలు మీద అప్పనపల్లి కూడా వెళ్లాం. రాక్షసులు గుళ్లోకి రాకూడదని తనే తీర్మానించి, డబ్బాని చెప్పుల దగ్గర పెట్టింది. చెప్పులు చూసే పెద్దాయన దానికీ ఒక బిళ్ల ఇచ్చి "జాగ్రత్తగా చూస్తానండి, ఒక్కణ్ణీ పారిపోనివ్వను" అన్నారు. ఎంత మంచివాళ్లున్నారో ఈ లోకంలో, కాలు విరగకపోతే నాకు తీరిగ్గా కనబడేవారు కాదు.

ఇక వనభోజనాల సంగతి. ఇది చదివి నవ్వకపోతే నువ్వు సత్యవేణివే కాదు. కార్తీకం చివరి ఆదివారం మా కొబ్బరికాయల దింపు ముఠా వాళ్లందరం కుటుంబాలతో గోదావరి మధ్య లంకలోకి వెళ్లాం. అక్కడ పెద్ద ఉసిరిచెట్టు ఉంది. వంటలు ఒక పక్క, పూజ ఒక పక్క. ముఠా పెద్ద భీమరాజు గారు పూజకి కూర్చున్నారు. వినాయకుడికి పసుపు ముద్ద చేసి ఆకులో పెట్టమని అత్తయ్య ఆయన భార్య అన్నపూర్ణ గారికి పురమాయించింది. ఆవిడ పులిహోర తిరగమోతలో పడి మర్చిపోయారు.

ఇక్కడ మన పాప ఏం చేసిందంటే, చెట్టుదొర గారి పొట్ట ఎండకి పగిలిందని దెబ్బకి రాసినట్టు ఆయనకి ఒళ్లంతా పసుపు పట్టించింది. పట్టించి, అరిటాకు ముక్క మీద ఉసిరి నీడలో పడుకోబెట్టింది. అత్తయ్య కుడికంట్లో శుక్లం నీకు తెలుసుగా. ఆకులో పచ్చగా ముద్ద కనబడేసరికి అన్నపూర్ణ గారు చేసేశారనుకుని, తమలపాకు మీదికి మార్చి, బొట్టు పెట్టి భీమరాజు గారి ముందు పెట్టేసింది. ఆయన కళ్లు మూసుకుని వచ్చినంత మంత్రం చదువుతూ, పువ్వుతో నీళ్లు చల్లడం మొదలెట్టారు. చల్లినకొద్దీ పసుపు కారింది. ముందు ఒక ఎర్రటి కన్ను బయటపడింది. తర్వాత పళ్లు. మేమందరం అప్పటికే లెంపలేసుకుని గుంజీలు తీస్తున్నాం. ఆయన కళ్లు తెరిచి, "అయ్యబాబోయ్, ఈయనెవరండీ!" అని వెనక్కి పడ్డారు.

కొందరు నవ్వారు, కొందరు అపచారం అన్నారు. మొత్తం వంట పారబొయ్యాలని ఒకరన్నారు. నేను పాపని వెనక్కి లాక్కున్నాను. అప్పుడు అత్తయ్య ముందుకొచ్చింది. "పెట్టింది నేనండి, పాపం ఉంటే నాదండి. అసలు వినాయకుణ్ణి చేసి మళ్లీ పూజ చెయ్యండి. ఈయన కూడా ఇంతమంది చేత దణ్ణం పెట్టించుకున్నాక మనవాడేనండి. ఓ ఆకు ఈయనకీ వెయ్యండి, పాపం ఆకలేస్తూ ఉంటుంది" అంది. భీమరాజు గారు పగలబడి నవ్వారు. పూజ మళ్లీ చేశారు. చెట్టుదొర గారికి విడిగా ఆకు వేసి పులిహోర వడ్డించారు. అంత తృప్తిగా అన్నం తిని ఎన్నాళ్లయిందో.

ఇప్పుడు నీ నాలుగో ప్రశ్న. అక్కడ నువ్వు పనిచేసే ఇంటావిడ ఇంకో రెండేళ్లకి సంతకం పెట్టమంటోందనీ, నేను మళ్లీ చెట్లెక్కుతున్నాను కాబట్టి ధైర్యంగా మాఘమాసంలో వచ్చేస్తాననీ, లేకపోతే పెట్టేదాననీ రాశావు. "నిజంగా ఎక్కుతున్నారుగా?" అని కింద గీత గీసి మరీ అడిగావు.

ఎక్కడం లేదు సత్యవేణీ. పడ్డ రోజు నుంచి ఇవాళ్టిదాకా ఒక్క చెట్టూ పైదాకా ఎక్కలేదు. దసరా నుంచి ఎక్కుతున్నానని రెండు ఉత్తరాల్లో రాసింది అబద్ధం. కాలి తప్పేం లేదు, భయం నాది. రెండు నిలువుల ఎత్తు వెళ్లేసరికి ఆ పడ్డ క్షణమే కళ్ల ముందుకొస్తుంది. పైకి వెళ్లలేను, దిగలేను, చెట్టుని కావలించుకుని ఉండిపోతాను. ఒకసారి నిచ్చెన వేసి నన్ను దింపారు. దింపు తీసేవాణ్ణే దింపాల్సి వచ్చింది, ఆ సిగ్గు ఎవరికి చెప్పుకోను? కాలు ఇంకా నొప్పి అని ముఠాకి చెప్పాను. నీకేమో ఎక్కుతున్నానని రాశాను. నిజం తెలిస్తే నువ్వు ఆ సంతకం పెట్టేస్తావని నా భయం. తొంభై ఆరు తుఫానుకి చెట్లన్నీ పడిపోయి పని లేనప్పుడు, నేను తల పట్టుకుని కూర్చుంటే, నువ్వు మారు మాట్లాడకుండా విమానం ఎక్కావు. రెండేళ్లుగా ఈ ఇల్లు గడుస్తున్నది నీ చేతి చలవే. అలాంటిదానివి మళ్లీ నాకోసం ఉండిపోతావని తెలిసే దాచాను.

వనభోజనాల సంగతిలో ఒక ముక్క వదిలేశాను, అదీ రాస్తాను. ఆకు వేశాక భీమరాజు గారు "ఈయన పేరేంటమ్మా?" అని అడిగారు. పాప అందరి ముందూ "చెట్టుదొర గారండి. నాన్నని తోసింది ఈయనేనండి. కాలు తగ్గిపోయినా నాన్న భయపడుతున్నారండి, అందుకే ఎక్కట్లేదండి" అంది. ఎవరూ నవ్వలేదు. నేను తల ఎత్తలేదు. తిరిగొచ్చేటప్పుడు పడవలో భీమరాజు గారు నా పక్కన కూర్చుని, "తుఫాను తరవాత ఏడాది పాటు గాలేస్తే నేనూ కిందే ఉండిపోయేనయ్యా. నడుం నొప్పని చెప్పేను. నీకున్నంత ధైర్యమైన కూతురు లేదు నాకు" అన్నారు. మర్నాటి నుంచి నాకు కాయలు ఏరి, వలిచే పని ఇచ్చారు. ముఠాలో ఒక్కరు కాదనలేదు. చెట్టెక్కినంత రాదు గానీ, పని రోజూ ఉంది. ఆ పూజ పుణ్యాన ధైర్యం వచ్చిందేమోనని ఒకసారి చెట్టు దగ్గరికి వెళ్లి చూశాను. రాలేదు. వస్తుందని నీకు మాటివ్వలేను.

అయినా నీకు రాసే ధైర్యం అప్పటికీ రాలేదు. పోయిన ఆదివారం ఎస్టీడీ బూత్‌లో నువ్వు పాపతో మాట్లాడావు, గుర్తుందా? నాన్న చెట్లెక్కుతున్నారా అని అడిగినట్టున్నావు. లంకలో అంతమంది ముందు జంకకుండా నిజం చెప్పిన పిల్ల, రిసీవరు పట్టుకుని నా మొహంలోకి చూసింది. చూసి, "ఆయ్, ఎక్కుతున్నారమ్మా" అంది. ఇంటికి నడుస్తూ నా వేలు పట్టుకుని, "అమ్మ వచ్చేక ఎవరు చెప్పాలండి నాన్నా, మీరా, నేనా?" అని అడిగింది. నడిరోడ్డు మీద నిలబడిపోయాను. చెట్టు మీంచి పడ్డప్పుడు కూడా అంత దెబ్బ తగల్లేదు.

అందుకే రాస్తున్నాను. నిజం ఇదీ. ఇది తెలిసి కూడా సంతకం పెట్టకుండా రమ్మని అడుగుతున్నాను. అడగడానికి నాకు మొహం లేదు, అయినా అడుగుతున్నాను. ఉన్నదాంట్లో తిందాం. లేదు, ఇంకో రెండేళ్లు ఉంటేనే గడుస్తుందని నీకనిపిస్తే కోపగించుకోను. ఈసారి మాత్రం ఉన్నది ఉన్నట్టు తెలిసి నువ్వు నిర్ణయించుకోవాలి.

ఉత్తరమంతా పాపకి చదివి వినిపించాను. కదలకుండా విని, "అయితే నాన్నా, అమ్మతో ఫోన్లో ఇంక ఏదైనా చెప్పచ్చాండి?" అంది. చెప్పచ్చమ్మా అన్నాను. ఇరవయ్యో తారీకు ఆదివారం పదింటికి బూత్ దగ్గర ఉంటాం. ఫోన్ దానికే ఇస్తాను, నేను బయట నిలబడతాను. దాన్ని ఏం కావాలంటే అది అడుగు.

ఇట్లు,
దుర్గాశ్రీ వాళ్ల నాన్న,
శివనాగరాజు.