ఒకే పడక ఉన్న పడవ

ఒరేయ్ వంశీ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఆ సందర్భంగా మనం కట్టాలనుకున్న తెరచాప పడవను ఘనంగా ఆవిష్కరించాను: మియాపూర్ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, మన పార్కింగ్ గడిలో, సుద్దముక్కతో గీసి, అసలు కొలతల్లో. హైటెక్ సిటీ ఆఫీసుకీ ఈ ఫ్లాటుకీ మధ్య మెట్రోలో ఊగడమే ఈ ఏడాది నా సముద్రయానం. ఇంకెక్కడికీ కదల్లేదు.

వాచ్‌మన్ యాదగిరి వచ్చి చూశాడు.

"ఏంది సార్, ముగ్గా?"

"పడవ. సముద్రాలు దాటేది."

"మీరిద్దరు పోతమంటిరి గద, పడక ఒక్కటే గీసిన్రేంది?"

పడవ చిన్నగా ఉండాలని నువ్వు వేసిన ప్లానే కదరా. ఒకడు పడుకుంటే ఇంకొకడు చుక్కాని పట్టాలి. అదే చెప్పాను, మహా ఇంజనీరులా గొంతు సవరించుకుని.

"మరి ఇప్పుడు మీరు పంటే నడిపేటోళ్లెవరు సార్?"

ఏడాదిగా నేను ఆగిపోయింది అక్కడే. పడవలో ఏదైనా మార్చి గీయగలను. నిన్ను గీయలేను.

యాదగిరి తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి చుక్కాని దగ్గర వేసుకున్నాడు.

"జర పండున్రి. నేను జూస్త."

పడుకున్నాను. కింద సిమెంటు చల్లగా ఉంది. ఇంతలో ఎవరిదో కారు వచ్చి హారన్ కొట్టింది.

"అటు నుంచి పోన్రి సార్, ఈడ పడవున్నది" అన్నాడు యాదగిరి.

నేను కళ్లు తెరవలేదు.