హైదర్ ఎడమ కాలు

ఫిబ్రవరి 17, మంగళవారం

వాన. ఐర్లాండ్ వానలకి మా కార్క్ ఫుట్‌బాల్ గ్రౌండంతా చిత్తడి. ఎనిమిది నెలల తర్వాత హైదర్ ఇవాళ బూట్లు వేసుకున్నాడు. నేరుగా ఇరవై మీటర్లు పరుగు, వెనక్కి ఇరవై. అంతే. పసివాడికి నడక నేర్పినట్టు పక్కనే నేను, గొడుగుతో. దూరం నుంచి మా మేనేజర్ డెక్లాన్ కేక — "గ్రాండ్?" అంటే ఇక్కడ బాగుందా అని. "గ్రాండ్!" అన్నాను. పచ్చి అబద్ధం. ఎడమ పాదం ఆనీ ఆననట్టు వేస్తున్నాడు. నేను కుదిర్చిన మోకాలు బాగానే ఉంది. మనిషే దాన్ని నమ్మడం లేదు.

క్లబ్బుతో అతని ఒప్పందం జూన్‌తో అయిపోతుంది. ముప్ఫయ్యో ఏడు రాబోతోంది. ఫార్వర్డ్‌కి ఆ వయసులో ఏడాది ఖాళీ అంటే… ఇంకోటి కూడా ఉంది, నాకొక్కదానికే చెప్పాడు. బాగ్దాద్ నుంచి జాతీయ జట్టు అసిస్టెంట్ కోచ్ ఫోన్ చేశాడట. మే నెలాఖరులో స్నేహపూర్వక మ్యాచ్. "తొంభై నిమిషాలూ ఆడిన వీడియో ఒకటి పంపు, చూద్దాం" అన్నాడట. మూడేళ్ళయింది దేశం చొక్కా వేసుకుని.

తొంభై నిమిషాలు. ఆ మోకాలితో. ఆ భారం నా నెత్తిన.

ఫిబ్రవరి 19

పగలంతా హాస్పిటల్లో తుంటి విరిగిన ముసలమ్మలు, సాయంత్రం ఈ ఇరాకీ. "ఆఫ్‌సైడ్ అంటే ఏంటో తెలీదు, నువ్వు టీమ్ ఫిజియోవా!" అని ప్రసాద్ ఎగతాళి. పెళ్ళయి పదహారేళ్ళు, ఒక్క జోకూ మార్చడు ఈయన. మోకాలికి ఆఫ్‌సైడ్ తెలియాలా ఏంటి?

ఫిబ్రవరి 24

హైదర్‌తో ఒప్పందం కుదిరింది. ఒంటికాలి మీద గుంజీలు పన్నెండు తీస్తే ఒక కథ చెప్పచ్చు. కథల మీద ఉన్న యావలో నొప్పి మర్చిపోతున్నాడు.

ఇవాళ్టివి — బస్రాలో నాన్న లారీ మెకానిక్. షెడ్డు వెనక ఖర్జూరం పెట్టెలు రెండు పెడితే అదే గోల్. పదిహేడేళ్ళకి బాగ్దాద్ క్లబ్బు. ఇరవైకి జాతీయ జట్టు, ఆఖరి నిమిషాల్లో దించితే తలతో గోల్ కొట్టాడు. టీ కొట్లో చూస్తున్న నాన్న గ్లాసు జారవిడిచి కాలు కాల్చుకున్నాడట. తర్వాత అమ్మాన్. తర్వాత స్వీడన్ ఉత్తరాన ఏదో ఊరు — మంచులో కనబడదని నారింజరంగు బంతితో ఆడేవాళ్ళట! తర్వాత కార్క్. వచ్చిన మొదటి సీజన్లోనే జట్టులో అందరికన్నా ఎక్కువ గోల్స్. రెండో సీజన్లో, జూన్‌లో, పక్కన ఎవరూ లేకుండానే కాలు మెలిపడి… లిగమెంట్ తెగిన చప్పుడు బెంచీ మీద నాకు వినిపించింది. ఆ కథ మాత్రం చెప్పడు. నేనూ అడగను.

మార్చి 3

అతనికి రంజాన్. మాకు ఈస్టర్ ముందరి శ్రమదినాలు, ఉపవాసాలు. ఫిజియో గదిలో ఇద్దరం ఖాళీ కడుపులతో ఒకరి మీద ఒకరు విసుక్కుంటున్నాం. పొద్దు గుంకగానే అతను ఖర్జూరాలు తీశాడు, నేను ఉప్మా డబ్బా తీశాను. "ఏంటి డాక్టర్, ఇసుకా?" అన్నాడు. డాక్టర్ని కాదు, ఫిజియోని అని వందసార్లు చెప్పాను. రెండోసారి వడ్డించుకున్నాడు. ఇసుకట!

మార్చి 10

బంతి ఇచ్చాను. కుడికాలు — అబ్బ, ఏం తన్నాడు! వల చిరుగుతుందనుకున్నాను. ఎడమ వైపు బంతి వేస్తే మాత్రం గబగబా కుడికి మార్చుకుంటున్నాడు. పదిసార్లు వేస్తే పదిసార్లూ అంతే. "ఎడమతో కొట్టు." "రేపు." "హైదర్!" "రేపు, డాక్టర్, రేపు."

దెబ్బ తగలకముందు సగం గోల్స్ ఆ కాలితోనే కొట్టేవాడు. ఒంటికాలి ఫార్వర్డ్‌ని ఎవడు తీసుకెళ్తాడు బాగ్దాద్‌కి? ఏడుపొచ్చింది నాకు. కారులో ఏడ్చాను కూడా.

మార్చి 14, శనివారం

ప్రార్థన కూడిక మా ఇంట్లోనే. కాజిల్‌బార్ నుంచి సుగుణ ఆంటీ కూడా ఫోన్లో కలిసింది. అక్కడ నర్సింగ్ హోంలో పని, కానీ ఐర్లాండ్‌లో తెలుగు సంఘాలన్నిటికీ ప్రార్థన మనవులు చేరవేసేది ఆవిడే. మనసు బరువుగా ఉండి, ఒక సోదరుని మోకాలి కోసం ప్రార్థించమన్నాను. అక్కడితో నోరు మూసుకోవాల్సింది.

"ఏ మోకాలమ్మా?"

"ఎడమది, ఆంటీ."

"స్పష్టంగా అడగాలి కదా సునీతా, మనం అడిగినట్టే ఇస్తాడు. పేరేంటి?"

"హైదర్."

"ముస్లిం అబ్బాయా? అయితే ఇంకా గట్టిగా చేద్దాం. సమస్యేంటి మరి?"

చెప్పాను. ఎడమతో తన్నడానికి భయమని, కుడికే మార్చుకుంటున్నాడని. పైగా ఏప్రిల్లో మీ ఊరి టీమ్‌తోనే మొదటి మ్యాచ్ అని కూడా! అందరూ కన్నీళ్ళతో ప్రార్థించారు. నాకూ తేలికపడింది. ఆ తేలికలో నేనేం చేశానో తట్టలేదు.

మార్చి 15

వాట్సాప్ గ్రూపులో సుగుణ ఆంటీ మెసేజ్. పేరు, కాలు, భయం, మ్యాచ్ తారీఖు — పొల్లు పోకుండా. కింద రెండు వందల పైచిలుకు దండాల బొమ్మలు. కొంచెం గుచ్చుకుంది. పేషెంట్ సంగతి కదా… తీసేయమంటే ఆంటీ నొచ్చుకుంటుందేమో. పోనీలే.

మార్చి 27

రేపు అంటాడు. రోజూ రేపే.

ఏప్రిల్ 7, మంగళవారం

కొట్టాడు!!

నేను చెప్తే కాదు. పక్క పిచ్ మీద అండర్-ట్వెల్వ్ ఆడపిల్లలు ఆడుతుంటే వాళ్ళ బంతి దొర్లుకుంటూ ఇటొచ్చింది. నాతో ఏదో కబుర్లు చెప్తూ, చూసుకోకుండా, ఎడమతో తిప్పి తన్నాడు. నలభై మీటర్లు! వాళ్ళ గోల్‌కీపర్ పిల్ల చేతుల్లో పడింది. ఆ పిల్ల "థాంక్స్, మిస్టర్!" అంది. ఇతను తన కాలు తానే చూసుకుంటూ నిలబడిపోయాడు. తర్వాత ఒకటి. ఇంకోటి. నలభై ఏడు కొట్టాక నేనే బంతి లాక్కున్నాను. "రేపు" అన్నాను. ఎంత నవ్వాడో!

కడుపు నిండిపోయింది. ఇంటికెళ్ళి ప్రసాద్‌కి చేపల పులుసు చేసి పెట్టాను, ఆ జోకు వేసినా సరే అని.

ఏప్రిల్ 16, గురువారం

కొంప మునిగింది.

సుగుణ ఆంటీ ఫోన్. సంతోషంతో మాట ఆగడం లేదు. "సునీతా, దేవుడి పని చూడమ్మా! మా నర్సింగ్ హోంలో నాతో చేసే బ్రీడా లేదూ, పాపం ఆవిడ కూడా ప్రార్థించే మనిషే కదా అని నీ మనవి మొత్తం చెప్పాను. తీరా చూస్తే వాళ్ళాయన ఇక్కడి ఫుట్‌బాల్ టీమ్ కోచేనట! ఆయనకి కూడా చెప్పి ప్రార్థన చేయిస్తానంది!"

చేయిస్తుంది. ఎందుకు చేయించదు!

ఎల్లుండే మ్యాచ్.

ఆంటీని ఏమన్నా ఏం లాభం? నోటిదురద నాది. పేషెంట్ గుట్టు బయట పెట్టింది నేను. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క ముసలమ్మ సంగతి కూడా గడప దాటనివ్వలేదు. ప్రార్థన అనేసరికి అది చెప్పడం కానట్టే అనిపించింది… ఎవరికైనా అలా అనిపిస్తుందా? మాకే అనిపిస్తుంది.

ఏప్రిల్ 17

ముందు హైదర్‌కి చెప్పాను, డెక్లాన్ ఎదుటే. అంతా. ముఖం ఎత్తలేకపోయాను. డెక్లాన్ "గాడ్ ఆల్మైటీ" అని కూర్చుండిపోయాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "సోమవారం మాట్లాడదాం, సునీ."

హైదర్ బూటు తాడు విప్పి మళ్ళీ గట్టిగా కట్టాడు. కోపం వచ్చింది, కనబడింది. రావాలి కూడా.

"ఎంతమంది ప్రార్థించారు?"

"రెండు వందలకి పైనే."

"ఎప్పటి సంగతి చెప్పావు వాళ్ళకి?"

"మార్చిది."

"ఇప్పుడు ఏప్రిల్ కదా, డాక్టర్."

లేచి వెళ్ళాడు.

ఏప్రిల్ 18, శనివారం

కాజిల్‌బార్ నుంచి తిరుగు బస్సులో రాస్తున్నాను. కుదుపులకి అక్షరాలు నాకే అర్థం కావడం లేదు.

మొదటి సగం నరకం. వాళ్ళ కోచ్ గీత దగ్గర నిలబడి ఒకటే అరుపు — "లెఫ్ట్‌కి నెట్టండి! వాడికి లెఫ్ట్ లేదు!" బెంచీ మీద నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వాళ్ళ అయిదో నంబరు, తలుపంత మనిషి, కుడివైపు మూసేసి ఎడమ మొత్తం వదిలేశాడు. హైదర్ మాత్రం ఎడమ ముట్టడు. కుడికే వెళ్తాడు, బంతి పోగొట్టుకుంటాడు. మళ్ళీ కుడికే. భయం తిరిగొచ్చిందా? నలభయ్యో నిమిషంలో పడ్డాడు. సంచీ పట్టుకుని పరిగెత్తాను. మోకాలు పట్టుకోబోతే చెయ్యి తోసేశాడు. "చీలమండ, అంతే. ఏడవకు." "ఏడవట్లేదు." "ఏడుస్తున్నావు. ఓపిక పట్టు. బాగా నమ్మనీ వాళ్ళని."

అప్పుడు అర్థమైంది. దొంగ సచ్చినోడు! కావాలనే!

వాళ్ళే ముందు గోల్ కొట్టారు. 0-1. అరవై రెండో నిమిషం. హైదర్ బంతి అందుకున్నాడు, కుడికి భుజం వంచాడు. అయిదో నంబరు అటు దూకాడు. ఇటు ఎడమ మొత్తం ఖాళీ. ఒక్క అడుగు. ఎడమ కాలు. బంతి లేవడమే చూశాను, దిగడం చూడలేదు — డెక్లాన్ నా మీద పడ్డాడు. "ఒరేయ్ హైదరూ!" అని తెలుగులో అరిచింది నేనేనట. వాళ్ళ కోచ్ నోరు తెరిచి గ్యాలరీలో భార్య వైపు చూశాడు. ఆవిడ పక్కనే సుగుణ ఆంటీ, శాలువా ఊపుతూ, ఏ టీమ్‌దో తెలియకుండా ఎగురుతూ.

ఎనభై అయిదు. మళ్ళీ ఎడమే. నేలబారుగా, మూలకి. 2-1. మామూలుగా పరిగెత్తి వచ్చి నా ముందు ఎడమ కాలు చాపి చూపించి వెళ్ళాడు.

తొంభై ఆడాడు. తొంభై నాలుగు, నిజానికి.

బస్సెక్కేముందు ఆంటీ చికెన్ ఫ్రై డబ్బాలిచ్చి, "చూశావా? ఏ కాలో చెప్పి అడిగాం కాబట్టే ఆ కాలితోనే ఇచ్చాడు" అంది. దండం పెట్టాను.

ఏప్రిల్ 20, సోమవారం

గెలిచాం కదా అని తప్పు ఒప్పయిపోదు. డెక్లాన్ రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చాడు. సంతకం పెట్టాను. రెండు గోల్స్‌కి ముందే టైప్ చేశాడట, తర్వాత ఒక్క అక్షరం మార్చలేదు. మంచి మనిషి. ఆంటీకి నెమ్మదిగా చెప్పాను, ఇకమీద ఎవరి పేరూ కాలూ నా నోట రావని. "మరి దేవుడికెలా తెలుస్తుంది?" అంది. "ఆయనకి తెలియదా, ఆంటీ?" అన్నాను. పెద్దావిడ, పాపం. సాయంత్రానికి గ్రూపులో ఆ మెసేజ్ లేదు.

హైదర్ వీడియో పంపాడు బాగ్దాద్‌కి. జవాబు లేదు.

మే 4

జవాబు లేదు.

మే 12, మంగళవారం

వచ్చింది!!! ఇరవై ఆరుగురిలో పేరు! ఫోన్ నా చేతిలో పెట్టాడు. అరబిక్, నాకేం తెలుసు, అయినా రెండుసార్లు చూశాను. చదివించి చెప్పించుకున్నాను. తర్వాత ఇద్దరం కూర్చుని అతని మోకాలికి ఐస్ పెట్టాం. నొప్పేం లేదు. ఊరికే.

వాళ్ళ డాక్టరుకి రిపోర్టు కావాలట, కుదిర్చిన ఫిజియో సంతకంతో. "డెక్లాన్‌కి తెలిసిన పెద్ద సర్జన్ చేత పెట్టించుకో" అన్నాను. "నా మోకాలు ఆయనకేం తెలుసు?" అన్నాడు. పెట్టాను. పేరు, ఇంటిపేరు, చదివిన కాలేజీ, గుంటూరు. అన్నీ ఉన్నది ఉన్నట్టు. ఆ ఒక్కరికే, అతని అనుమతితో. ప్రసాద్ ఆ కాగితాన్ని ఫోటో తీస్తానంటే గదమాయించాను.

మే 30, శనివారం

చేతులు ఊరుకోక రాస్తున్నాను. మా హాల్లో లాప్‌టాప్‌లో ఇరాక్ మ్యాచ్, ముందు నేను, ప్రసాద్, పొద్దున్నే బస్సెక్కి వచ్చిన సుగుణ ఆంటీ. హాఫ్ టైమ్ అయింది. 1-1. హైదర్ బెంచీ మీదే. కెమెరా ఒక్కసారి చూపించింది, గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

అరవై. ఇంకా బెంచీ.

డెబ్బై. ఇద్దరిని మార్చారు. ఇతను కాదు. ఆంటీ కళ్ళు మూసుకుంది, పెదాలు కదులుతున్నాయి, ఈసారి ఒక్క మాట బయటికి రావడం లేదు.

డెబ్బై ఏడు. లేచాడు. జాకెట్ తీశాడు. ప్రసాద్ కూడా లేచి నిలబడ్డాడు, ఎందుకో.

లోపలికి వెళ్ళాడు. దేశం చొక్కా. వెళ్ళాడు! కామెంటేటర్ గడగడా అరబిక్. మాకు రెండే మాటలు తెలిశాయి — హైదర్, కార్క్. మా ఊరి పేరు ఆయన నోట, అంతదూరంలో! ఎందుకు ఏడుస్తున్నానో అడిగితే ఏం చెప్పను?

ఎనభై మూడు. ఇంకా బంతి అందలేదు.

ఎనభై ఆరు. కార్నర్. ఎవరో అతన్ని దగ్గరి గోల్ స్తంభం వైపు వెళ్ళమంటున్నారు. వెళ్ళడం లేదు. వెనక్కి, ఖాళీలోకి జరుగుతున్నాడు, ఎవరూ చూడటం లేదు, నేను చూస్తున్నాను. బంతి లేచింది, అతని ఎడమకే వస్తోంది —