'మా ఆవిడ' పేరు మీద కట్టిన ఫీజు

వీసా రుసుముల విభాగపు పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,
మూడవ అంతస్తు, మెట్లకు ఎడమవైపు రెండవ గది.

అయ్యా,

విషయం: విద్యార్థి వీసా దరఖాస్తు రుసుము రసీదులో అభ్యర్థి పేరు 'మా ఆవిడ' అని నమోదైనందున, సదరు పేరును పాస్‌పోర్టులోని అసలు పేరుగా సవరించమని కోరుట గురించి.

సూచిక: ఇదివరలో నేను ఇచ్చుకొన్న మూడు అర్జీలు. మొదటిది దొరకలేదన్నారు. రెండవది పైకి పంపామన్నారు. మూడవది, ఇదే విషయం మీద ఇప్పటికే రెండు ఉన్నాయి కనుక పుచ్చుకోబోమన్నారు.

తమరికి మనవి చేసుకొనునది ఏమనగా, నేను రిజిస్టర్లు బైండు చేయువాడను. తమ కార్యాలయపు హాజరు పుస్తకాలు కుట్టి, ఎర్రగుడ్డ వీపు అతికించి పంపేది నేనే. నా భార్య కృత్రిమ కాళ్లు తయారుచేసే వర్క్‌షాపులో పదకొండేళ్లుగా పని చేయుచున్నది. తెగిన కాలికి తడి ప్లాస్టరు పట్టీ చుట్టి అచ్చు తీయుట, ఆ అచ్చును బట్టి తొడుగు చేయుట, అంచులు ఒరుసుకోకుండా అరగదీయుట ఆమె పని. పనంతా ఆమెది, కాగితం మీద సంతకం మాత్రం పట్టా ఉన్న వేరొకరిది. పోయిన ఏడు ఒక చిన్నపిల్ల ఎదిగి తొడుగు బిగుతై పుండు పడితే, మళ్లీ కొలత తీసే అధికారం ఈమెకు లేదని, సంతకం పెట్టే మనిషి వచ్చేదాకా నాలుగు రోజులు ఆ పిల్లను కూర్చోబెట్టారు. ఆ రోజే ఆమె చదువుకోవాలని పట్టుబట్టింది. విదేశంలో రెండేళ్ల కోర్సుకు రాస్తే సీటు వచ్చింది. ఈ నెల ఇరవై ఎనిమిదిలోగా వీసా చూపనిచో ఆ సీటు తరువాతివారికి పోవును. వచ్చే ఏటికి ఆమెకు నలభై దాటును, ఆ కోర్సుకు నలభై వరకే అర్హత. కనుక ఇది తప్పితే ఇక లేదు.

ఇక నా ఇబ్బందులు:

1. ఈ నెల మూడవ తేదీన నా భార్యకు సెలవు దొరకనందున, ఆమె పాస్‌పోర్టు పట్టుకొని నేనే ఫీజు కట్టుటకు వచ్చితిని. ఆరవ కిటికీ వద్ద గంటన్నర నిలబడిన పిమ్మట గుమాస్తాగారు తల ఎత్తకుండానే "ఎవరి పేరు మీద?" అని అడిగిరి. నేను "మా ఆవిడ" అంటిని. పెళ్లయిన పద్దెనిమిదేళ్లుగా ఎవరడిగినా నా నోట వచ్చే మాట అదే. ఆయన టకటకా కొట్టిరి. ఇంటిపేరు గడిలో 'మా' అనియు, పేరు గడిలో 'ఆవిడ' అనియు పడినవి. పాస్‌పోర్టు నంబరు మాత్రం తప్పు లేకుండా ఎక్కినది.

2. మర్నాడు వెళ్లి అడుగగా, 'మా' అనే ఇంటిపేరు గలవారు ముందురోజే ఇద్దరు వచ్చారనియు, 'ఆవిడ' అని పేరు పెట్టుకోకూడదని నిబంధన ఏదీ లేదనియు గుమాస్తాగారు సెలవిచ్చిరి. పైగా, పేర్లు చూసుకొని సరే అన్న తరువాతనే రసీదు వస్తుందని కూడా అన్నారు. అది అటుంచి, రోజుకు మూడు వందల పేర్లు కొట్టే మనిషి, ఆయన్ని మాత్రం ఏమనగలం.

3. విద్యార్థి వీసాకు రెండు రుసుములు కట్టవలెనని తమకు తెలిసినదే. ఒకటి నమోదు రుసుము, దానిని నా భార్య వర్క్‌షాపు కంప్యూటరులో తన పేరు మీద తానే కట్టుకొన్నది. రెండవది నేను కట్టిన దరఖాస్తు రుసుము. ఇప్పుడు తమ లెక్క ప్రకారం, నమోదు రుసుము కట్టి దరఖాస్తు రుసుము ఎగ్గొట్టిన స్త్రీ ఒకరు, దరఖాస్తు రుసుము కట్టి నమోదు రుసుము ఎగ్గొట్టిన స్త్రీ ఇంకొకరు. ఇద్దరికీ హెచ్చరికలు వచ్చుచున్నవి. రెండూ మా ఇంటికే వచ్చుచున్నవి. పోనీ ఇంకోసారి కడతామన్నా, ఆ పాస్‌పోర్టు నంబరు మీద ఒక రుసుము ఉన్నది కనుక కంప్యూటరు పుచ్చుకోదట.

4. అయితే రసీదు రద్దు చేయించుకోమన్నారు. రద్దుకు అభ్యర్థి స్వయంగా వచ్చి, గుర్తింపు కార్డు చూపి, సంతకం చేయవలెనట. నా భార్య ఒక పూట జీతం వదులుకొని వచ్చినది. గుమాస్తాగారు కార్డు చూసి, రసీదు చూసి, కార్డును వెనక్కి తోసిరి.

"ఈవిడ కాదండీ. మా ఆవిడ రావాలి."

"ఈమేనండీ మా ఆవిడ."

"ఆ సంగతి నాకూ తెలుసు. కాగితానికి తెలియాలి కదా."

ఇద్దరూ ఒకరేనని నోటరీ వద్ద ప్రమాణపత్రం రాయించి తెచ్చితిమి. అది చెల్లలేదు. ప్రమాణం చేయవలసినది నా భార్య కాదట, రసీదులో ఉన్న మనిషట.

5. గుమ్మం దగ్గరి జవాను వంతు వచ్చినవారిని రసీదు చూసి పిలుచును. ఆయన గొంతు పెద్దది. "మా ఆవిడ! మా ఆవిడ ఉందా?" అని హాలంతా వినబడేట్టు కేక వేయగా, వరసలో ఎవరో ఇంట్లో చూసుకోమన్నారు. జనమంతా నవ్వారు. మొదటిసారి నా భార్య కూడా నవ్వింది. నిన్న నాలుగోసారి పిలిచినప్పుడు చేతిలోని ఫైలు చూసుకుంటూ లేచి నిలబడింది. ఆ పేరుకు ఆమె అలవాటు పడిపోయింది, అది నేను చూడలేకపోయాను.

6. రసీదు కాగితం గురించి. ఇది వేడితో అచ్చు పడే రకం. కాగితాల పనివాడిని కనుక చెప్పగలను, దీని మీది అక్షరాలు ఎంతోకాలం నిలవవు. ఇప్పటికే 'మా' సగం చెరిగినది. అసలు రసీదు చూపనిదే ఏ పనీ జరగదంటున్నారు. అది పూర్తిగా తెల్లబడితే ఏ పేరును ఏ పేరుగా సవరించమని అడగాలో నాకు పాలుపోవడం లేదు.

7. ఇరవై మూడవ తేదీన నా భార్యకు ఇంటర్వ్యూ ఉన్నది. ఫీజు ఆమె పేరున కనబడకపోతే లోపలికి పంపరు. ఈ రోజు పంతొమ్మిది. నిన్న బస్సు కోసం నిలబడి ఉండగా ఆమె నాతో, "ఆ పేరున్న మనిషి నిజంగా ఉంటే బాగుండేదండీ. కనీసం ఆవిడైనా వెళ్లేది" అన్నది. ఇది ఇబ్బందుల కింద రాయవచ్చునో లేదో తెలియక రాసితిని.

కావున తమరు దయతలచి, సదరు రసీదులోని రెండు గడులలో పాస్‌పోర్టు ప్రకారం పేరు దిద్దించి, ఇరవై మూడవ తేదీలోగా ఉత్తర్వు ఇప్పించ ప్రార్థన. రసీదు, రెండు హెచ్చరికలు, ప్రమాణపత్రం, పాస్‌పోర్టు నకలు జతపరచడమైనది. తిరిగి తిరిగి ఇద్దరి కాళ్లూ అరిగినవి. ఈ నాలుగవసారైనా తమరే స్వయంగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
తమ హాజరు పుస్తకాలు కుట్టువాడు
(అభ్యర్థి కూడ చదివి సంతకం చేసినది)

తా.క. అయ్యా, పైదంతా ఆమె చదివి, సంతకం చేసి, పనికి వెళ్లిపోయింది. ఇది ఆమె చదవలేదు. తమ మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను.

ఫీజు కట్టిన ఆ రోజు గుమాస్తాగారు కంప్యూటరు తెర నా వైపు తిప్పి, పేరు చూసుకోమన్నారు. చూశాను. తప్పు కనబడింది. ఒక్క మాట అంటే అర నిమిషంలో దిద్దేవారు. "సరేనా?" అన్నారు. సరే అన్నాను.

మాకు పిల్లలు లేరు. ఉన్నవి రెండు గదులు, ఉన్నది మేమిద్దరం. ఆమె లేకుండా రెండేళ్లు ఆ గదుల్లో ఎలా గడపాలో తెలియక బెంగగా ఉంది. ఓ పది రోజులు ఆలస్యమైతే ఆ పది రోజులూ ఇంట్లో ఉంటుంది కదా అనుకున్నాను. తరువాత నేనే వెళ్లి దిద్దించవచ్చులే అనుకున్నాను. తమ కార్యాలయం సంగతి అప్పటికి తెలియదు. అంతేగానీ సీటు పోగొట్టాలని మాత్రం అనుకోలేదు, నమ్మండి.

రోజూ ఆమె నన్నే ఓదారుస్తోంది. "మీరేం చేస్తారు పాపం, ఆయన తలే ఎత్తలేదు కదా" అంటోంది. ఆ మాట వింటూ అన్నం తినడం కష్టంగా ఉంది.

గుమాస్తాగారిని ఏమీ అనకండి. నాకు ఎంత జరిమానా వేసినా కట్టుకుంటాను. పేరు మాత్రం దిద్దించండి. ఆమె వెళ్లాలి, చదువుకోవాలి, తన పనికి తనే సంతకం పెట్టుకోవాలి.

ఈ పేజీ చింపేసి మిగతాది ఫైల్లో పెట్టండి. ఇందులో ఉన్నది ఆమెకు తెలియకూడదు. తెలిస్తే కోప్పడదండీ. నా మీద జాలిపడి ఆగిపోతుంది.